ముందూ ఎనకా లేని పడవ

పేరేసంద్రలో హైవే పక్కన రుక్మిణమ్మ టీ అంగడి కప్పును కొత్తోళ్ళెవరు చూసినా ఒకసారి తలెత్తి, మళ్ళీ ఇంకోసారి చూస్తారు. అది కప్పు కాదు, పడవ. పొడుగాటి రేకు పడవను బోర్లించి గుంజల మీద నిలబెట్టినారు. దాని అంచున బోరుబావిలో దించే లావు కేసింగు పైపొకటి అడ్డంగా కట్టుండాది. బెంగుళూరులో కంపెనీ పని చేసే నందీశ్ ఆ శనివారం పొద్దున బాగేపల్లికి పోతా బండి ఆపి, టీ గ్లాసు చేతిలో పట్టుకొని, "ఇది ప్రోవా మాదిరుండాదే, సముద్రంలో దీవులోళ్ళ పడవ! నీళ్ళు లేని సీమలో దీన్నెవరు చేసినారు?" అని అడిగినాడు.

అంతే. బెంచీ మీదున్న మునినారాయణ తుండుగుడ్డ దులిపి భుజానేసుకున్నాడు. ఆయన ఊరోడే అయిన కొండప్ప, అదే బెంచీ కొనాకు టీ తాగతాండే నా పక్క తిరిగి, "అయిపాయ, ఇంగ మనం యాడికీ పోయే పని లేదు" అని కాళ్ళు బారజాపినాడు.

"కూర్చో అప్పా, కూర్చో. అడిగినందుకు ముందు నీకొక దండం. దినామూ ఎంతమందో ఈ పడవ కింద టీ తాగి పోతారు, ఒక్కడన్నా ఇదేందని అడగడు. చేసింది నేనే. మాది దిన్నెపల్లి, ఈడికి దగ్గరే, ఆ చెరువుకు అవతల. పెద్ద పనేం కాదులే. చిన్న పడవ చేసి, చెరువు దాటి, మా ఊరి సుజాతమ్మ పట్టుగూళ్ళు మార్కెట్టుకు చేర్చినా. అంతకుమించి ఏం లేదు. గొప్పలు చెప్పుకొనే అలవాటు నాకు లేదు."

"లేదు లేదు" అన్నాడు కొండప్ప.

"ఆ వానలొచ్చిన ఏడు మతికుండాదా నీకు? మా చెరువులో నీళ్ళు చూసి ఎన్నేండ్లాయనో చెప్పేవాళ్ళే లేరు. కంపచెట్లు మొలిచి, మేకలు మేసి, పిలకాయలు క్రికెట్టాడి, అది చెరువని మేమే మర్చిపోయినాం. నా పెండ్లి పందిరి కూడా దాంట్లోనే ఏసిరి. అట్లాంటి చెరువు ఒక్క తుఫానుకు నిండి కోడి, అదే అలుగు, పారె! గంగమ్మ తల్లి కరుణించింది, ఆ తల్లికి దండం. అయితే ఆ తల్లి వస్తా వస్తా మా రోడ్డు మింగేసె. ఇంకో దారిలో మోరీ వంతెన కొట్టుకపాయ. ఊరు దీవైపాయ. సరిగ్గా అదే టయానికి సుజాతమ్మ ఇంట్లో గూళ్ళు దిగినాయి. అప్పా, నీకు తెలుసో లేదో, పట్టుపురుగు మన కోసరం ఆగదు. గూళ్ళను టయానికి మార్కెట్టుకు చేర్చి ఉడకేయించకపోతే లోపలుండే పురుగుకు రెక్కలొచ్చి, గూటికి తూటు పెట్టుకొని బయటికొస్తాది. ఇంగ ఆ గూడు దారానికి పనికిరాదు. ఆయమ్మ దానికి ముందరి పంటలు వరసగా రోగమొచ్చి గుంతలో పూడ్చిపెట్టింది. 'అన్నా, ఇదీ పోతే పురుగులిల్లు మూసేస్తా, మల్బరీ పెరికేస్తా, ఇంగ నాతో కాదు' అనె. ఏడ్చి చెప్పలే అప్పా, కూరలోకి ఉప్పు లేదన్నట్ల మామూలుగా చెప్పె."

"ఆ మాట మాత్రం నిజం" అని రుక్మిణమ్మ పాలు కలియబెడతానే అన్నింది. "ఆ దినాల్లో ఆయమ్మ మొగం చూసేకయ్యేది కాదు."

"ఊరంతా ఒడ్డున చేరితిమి. యాడ చూడు నీళ్ళే! మా తాతలు చెప్తాండిరి, ఆ చెరువు నిండితే ఏనుగు మునుగుతాదని. మాలో ఈతొచ్చినోడు ఒక్కడు లేడు. ఎండిన చెరువులో ఈత యట్ల నేర్చుకుంటావు చెప్పు? పడవ చేద్దామంటిని. ఈ కొండప్ప ఉండాడే, ఈయప్ప ఏమనె తెలుసా? రెండు పక్కలా సమానంగా డ్రమ్ములు కట్టి నడాన మంచమేద్దాం, జోడెద్దుల బండి మాదిరి ఉంటాదనె."

"అంటిని. ఇప్పుడూ అదే అంటా" అన్నాడు కొండప్ప.

"అను నాయనా, నీ మాటలో తప్పు లేదు. నేను ఒకరి మాట కొట్టేసేవాణ్ణి కాను. రెండూ సమానంగా ఉంటే పడవ ఊగదు, బెదరదు, పైన పీటేసుకొని అన్నం తినొచ్చు. అది మంచిదే. కానీ బరువప్పా, బరువు! మా ఊరి గాలి దాన్ని జరిపేనా? ఒకసారి తిప్పాలంటే సంతనాడు బస్టాండులో బస్సు తిప్పినంత బాధ. ఇంగ మూడు పడవలది ఒకటుండాది, నడాన పెద్దది, అటొకటి ఇటొకటి చిన్నవి. అది ఇంకా నిలకడ. దానికి సామాను యాడ తేవాల? అట్ల తల పట్టుకొని కూర్చోనుంటే నేను ఫోన్లో చూసిందొకటి మతికొచ్చె. యాడో సముద్రంలో దీవుల మీదుండేవాళ్ళు చేసే పడవ. పెద్దదొకటి, దానికి ఒక పక్కన మాత్రం చిన్నదొకటి, అమ్మ చంకన బిడ్డ మాదిరి. చూసినోడెవడైనా, ఇదేందిరా సగం చేసి వదిలేసినారు అంటాడు. దాని గుణం తెలిస్తే నోరు తెరుస్తాడు."

"చిన్నది ఎప్పుడూ గాలొచ్చే పక్కే ఉండాల గదా?" అన్నాడు నందీశ్.

"చూసినావా కొండప్పా, తెలిసినోడు అడిగే అడగడం! అవునప్పా. గాలి తెరచాపను తోస్తే చిన్నది పైకి లేస్తాది. మనిషి పోయి దాని మీద కూర్చుంటే అణుగుతాది. సామాను తక్కువ, బరువు తక్కువ, పరుగెక్కువ. సరే, అవతలి ఒడ్డుకు పోయినాక తిరిగి రావాల గదా? పడవను తిప్పితే చిన్నది తప్పు పక్కకు పోతాది. అందుకే దాన్ని తిప్పనే తిప్పరు! తెరచాప ఈ కొననుంచి తీసి ఆ కొనకు పెడతారు, తెడ్డు ఆ కొననుంచి ఈ కొనకు తెస్తారు. ఎనకది ముందైపాయ, ముందరిది ఎనకైపాయ. స్టేషన్లో రైలుకు ఇంజను మార్చి తగిలించినట్ల. ముందూ ఎనకా లేని పడవప్పా అది!"

"మరి గాలి తప్పు పక్కనుంచి కొడితే?"

మునినారాయణ టీ ఒక గుక్క తాగి, గ్లాసులోకి చూసి, ఇంకో గుక్క తాగినాడు. "లోపముండాది. నేను దాచను. గాలి రాంగుసైడు కొడితే తెరచాప మీద పడి, పడవ బోర్లపడతాది. ఇంకో లోపం, ఒక్క రెప్పపాటు ఏమరకూడదు. అయితే అవన్నీ తెలియనోళ్ళకు. నా మాదిరోడు పట్టుకుంటే గాలి కూడా ఒకసారి అడిగే కొడతాది."

కొండప్ప దగ్గినాడు.

"దగ్గుకో. ఆ పడవ నేనొక్కణ్ణే చేసినానని యాడా చెప్పలే. పాపన్న బోరేయించి, పాతాళం దాకా పోయినా పిడికెడు తడి రాలేదు. ఆ కేసింగు పైపు వాళ్ళ దొడ్లో పడుండె. రెండు కొనలూ మూసి దాన్నే చిన్న పడవ చేస్తిని. ఒక్క చుక్క నీళ్ళు ఇయ్యని బోరు నీళ్ళ మీద తేలె చూడు! పాపన్నకు దండం. రేకు కొండప్పది. వద్దు వద్దంటానే తన పశువుల కొట్టం మీంచి పీకి ఇచ్చె, ఈయప్పకూ దండం. వెదుర్లు సుజాతమ్మ పురుగులింటివి. తెరచాప చెనక్కాయలు ఎండబెట్టే టార్పాలు. తారు పూసి సందులు మూసింది మా ఊరి ఆడవాళ్ళు. ఒక్కరు కూడా మాకేమొస్తాదని అడగలే."

అది చెప్పి ఖాళీ గ్లాసు ముందుకు జరిపినాడు. రుక్మిణమ్మ గ్లాసు నింపింది. అది మింగినాక మనిషికి మళ్ళీ ఊపొచ్చె.

"ఇంగ విను. గూళ్ళ బుట్టలెక్కించి టార్పాలు విప్పినా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పడవ అవతలి ఒడ్డు ముట్టినాక గానీ దాని అల ఈ ఒడ్డునుంచి బయల్దేరలే! అంత జోరు. ఒడ్డున నిలుపుదామంటే నిలిచేనా? కోడి మీదుగా ఎగిరి, కాలవలో పడి, వాన నీళ్ళు పారతాండే హైవే ఎక్కేసె. బాగేపల్లి బస్సు పోతాంటే దాని పక్కనే పోతాండా. కండక్టరు కిటికీలోంచి చెయ్యి చాపి, 'యాడికప్పా, టికెట్టు?' అనె."

"తీసుకున్నావా?" అన్నాడు కొండప్ప.

"తీసుకొనేలోగా బస్సు ఎనకబడిపాయ! అంతలో గాలి ఇంకా ఎత్తుకునె. చిన్న పడవ పైకి లేసె. వెదురు మీద పరుగెత్తి పోయి దాని కొనాకు కూర్చుంటిని. అయినా దిగదే! అది లేసి, దాన్తో పెద్దదీ లేసె. కింద చూస్తే నీళ్ళు లేవు, రోడ్డు లేదు, చిక్కబళ్ళాపురం ఇండ్ల మీద ఎండబెట్టిన వడియాలు కనిపిస్తాండాయి. నంది కొండ ఎదురొచ్చె. జోడు పడవైతే ఆ కొండకు గుద్దుకుని ముక్కలయ్యుండు. ఇది సన్నగా ఉండబట్టి పక్కకు ఒరిగి జారుకునె. కొండ మీద ఫోటోలు తీసుకుంటాండే ఒక పుణ్యాత్ముడు నన్ను చూసి, పాపం చలికి వణుకుతాండాడని కాఫీ లోటా అందించె. ఎవరి బిడ్డో ఏమో, చల్లంగుండాల. శిడ్లఘట్ట మార్కెట్టు మీద దిగినాక తాగితే నోరు కాలె, ఉడుకు అంతన్నా తగ్గలే!"

నందీశ్ నవ్వాపుకోలేక గ్లాసు బెంచీ మీద పెట్టేసినాడు. రోడ్డు మీద చిక్కబళ్ళాపురం వైపునుంచి బస్సొచ్చి నిలిచి, ఎవరో దిగి, బస్సు పోయింది. మునినారాయణ అటు చూడలే.

"నవ్వద్దప్పా, అసలు కష్టం అప్పుడే మొదలాయ. దిగి బుట్టల్లో చూస్తే గూళ్ళు లేవు! ఒక్క గూడు లేదు. బట్టలిప్పుకున్న పిలకాయల మాదిరి పురుగులన్నీ చలికి ముడుక్కొని నా మొగం చూస్తాండాయి. ఏమాయ అనుకుంటివి? ఊర్లో బయల్దేరేటప్పుడు ఒక గూటి దారం పాలడెయిరీ తలుపు మేకుకు చిక్కుకునుండె. ఆ జోరుకు గూళ్ళన్నీ దిన్నెపల్లినుంచి శిడ్లఘట్ట దాకా ఆకాశంలో దారమై సాగిపోయినాయి! సుజాతమ్మకు ఏం మొగం పెట్టుకొని చెప్పాల? ఆడే ఈ పడవ గుణం అక్కరకొచ్చె. తిప్పే పడవైతే ఆ దారం మెలికలు పడి చిక్కయ్యుండు. దీన్ని తిప్పే పనే లేదే! తెరచాప ఈ కొననుంచి ఆ కొనకు పెట్టి, పోయిన దారినే తిరిగొస్తా, కేసింగు పైపుకు దారం చుట్టుకుంటా వచ్చేస్తిని. పోగు తెగలే, మెలిక పడలే."

"దారిలో ఎవరూ ఎదురు రాలేదా?" అన్నాడు కొండప్ప, తానే మాట అందిస్తా.

"యాల రాలేదు? నందికొండ కాడ ఒక పడవ ఎదురొచ్చె. మన పడవ మాదిరే ఉండాదే అని చూస్తే, దాంట్లో ఉండేది నేనే! ఇంకా పోతాండా. నా తిరుగు అంత జోరుగా ఉండింది మరి. 'జాగ్రత్తప్పా, ముందర గాలెక్కువుండాది' అని నాకు నేనే చెప్పి, నాకు నేనే దండం పెట్టుకొని వస్తిని."

"నిన్ను నువ్వు యట్ల గుర్తుపట్టినావు?"

"తుండుగుడ్డ చూసి."

అందరం నవ్వినాం. నందీశ్ కండ్లు తుడుచుకొని, లేసి, కప్పు రేకు అంచును చేత్తో తడిమి చూసినాడు. తట్టి చూసినాడు. అప్పుడు ఆయన గొంతు మారింది.

"కోతలు అట్లుండనీ అన్నా. నంది కొండ వద్దు, శిడ్లఘట్ట వద్దు. చెరువు మాత్రం దాటింది గదా ఇది? ఎందుకు అడుగుతాండానంటే, నేనూ ఇట్లాంటిదే చేయాలని చాన్నాళ్ళుగా అనుకుంటాండా. చిత్రావతి డ్యాములో ఇప్పుడు నీళ్ళు నిండుగా ఉండాయి. మా పాప సహనను కూర్చోబెట్టుకొని ఒక సుట్టు పోవాలని ఆశ. జోడు పడవ చేద్దామా, ఇది చేద్దామా అని తెగలే. నువ్వు ఇంత రేకుతోనే దాటినావంటే, వచ్చే వారమే మొదలుపెట్టేస్తా."

మునినారాయణ తుండుగుడ్డ భుజం మార్చుకున్నాడు. "దాటిందప్పా" అన్నాడు. ఆ మాట ముందరి మాటల మాదిరి రాలేదు.

"దాటలే" అనింది వెనకనుంచి ఒక గొంతు.

గుంజ పక్కన సుజాతమ్మ నిలబడుండాది, చంకలో ఖాళీ గూళ్ళ సంచులు మడిచిపెట్టుకొని. ఇందాక బస్సు దిగింది ఆయమ్మే. ఎప్పటినుంచి వింటాందో ఏమో.

"అన్నా, నీ కథ నేనెన్నిసార్లు విన్నానో లెక్కలేదు. విన్నప్పుడంతా నవ్వినా, ఎప్పుడూ అడ్డు రాలే. ఊర్లో ఒక్కరమన్నా అడ్డొచ్చినామా? ఈ దినం ఈ అప్ప చంటిబిడ్డను దీంట్లో కూర్చోబెడతానంటాండాడు. ఇంగ ఊరకుండలేను, ఏమనుకోవద్దు."

మునినారాయణ తుండుగుడ్డ తీసి మొగం తుడుచుకున్నాడు. "చెప్పమ్మా" అన్నాడు.

సుజాతమ్మ నందీశ్ పక్క తిరిగింది. "అప్పా, పడవ ఒడ్డు వదిలి ఈ అంగడంత దూరం కూడా పోలేదు. నయం, గూళ్ళు ఇంకా ఎక్కించలే, ముందర నేనొకసారి పోయొస్తానని అన్న ఒక్కడే ఎక్కినాడు. గాలి తప్పు పక్కనుంచే కొట్టింది. టార్పాలు అన్న మీద పడె, పడవ బోర్లపడె. ఈయన ఆ పైపు కరుచుకొని, 'చచ్చిపోతాండా! గంగమ్మా! మునిగిపోతాండా!' అని ఒకటే కేకలు. ఒడ్డున మేమంతా ఏడుపులు. ఈతొచ్చినోడు ఒకడు లేడు గదా. నేను టార్పాలు కొన పట్టుకొని లాగుదామని ఒక అడుగు నీళ్ళలో పెడితిని. ఇంకొక అడుగు పెడితిని. ఇంకా పెడతానే ఉండా, నేను మునగనే మునగలే. అప్పుడు అరిచినా, 'అన్నా, లేసి నిలబడు!' అని."

"నిలబడినాడా?" అన్నాడు నందీశ్.

"నిలబడినాడు. నీళ్ళు మొలలోతు."

బెంచీ అదిరేటట్ల నవ్వినారు. కొండప్పకు దగ్గూ నవ్వూ కలిసి ఊపిరాడలే. "ఆయప్ప నిలబడింది యాడో చెప్పమ్మా" అన్నాడు మధ్యలో.

"మా ఊరి తారు రోడ్డు మీద" అనింది సుజాతమ్మ. "దినామూ మేం నడిచే రోడ్డప్పా! ఆ చెరువులో మేకలు కాసినోళ్ళం, యాడ మిట్టో యాడ గుంతో చీకట్లో కూడా చెప్పేవాళ్ళం. ఆ రోడ్డు కట్ట ఎత్తుగా ఏసుండారని పిలకాయలకు కూడా తెలుసు. నీళ్ళు చూసేపాటికి అన్నీ మర్చిపోయినాం. పుట్టినప్పటినుంచీ ఎండిన చెరువే చూసినోళ్ళం గదా, నీళ్ళంటే ఏనుగు మునిగే నీళ్ళే అనుకున్నాం. నా గూళ్ళు చెడిపోతాయని తెలిసీ, ఒక్కరం కూడా నీళ్ళలో కాలు పెట్టి చూడలే. ఈ అన్న పడి, లేసి, మొలదాకా నిలబడినాకే అందరికీ కండ్లు తెరుచుకున్నాయి."

ఆయమ్మ సంచులు బెంచీ మీద పెట్టింది.

"అప్పుడు ఊరంతా నీళ్ళలోకి దిగినారు. రోడ్డు పొడుగునా వరసగా నిలబడి, బుట్టలు ఒకరి చేతినుంచి ఒకరికి అందించినారు. ఆడవాళ్ళు, ముసలోళ్ళు, నాతో మాటల్లేనోళ్ళు కూడా. మొదట నిలబడింది ఈ అన్నే. చలికి పండ్లు కొట్టుకుంటాండినా ఆఖరి బుట్ట దాటేదాకా బయటికి రాలే. ఒక్క గూడు తడవలే. నేను పురుగులిల్లు మూయలే. ఇప్పుడు కూడా మార్కెట్టులో గూళ్ళు అమ్మి శిడ్లఘట్టనుంచే వస్తాండా. పంట అమ్మొచ్చినప్పుడంతా ఈడ దిగి, ఈ అన్నతో ఒక టీ తాగకుండా ఊర్లోకి పోను. ఏమిచ్చినా తీరే సాయం కాదు అది."

మునినారాయణ కండ్లు పడవ మీదుండాయి.

నందీశే మెల్లగా అడిగినాడు. "అయితే అమ్మా, నీ మాటేంది? ఈ పడవ మంచిదా, కాదా?"

సుజాతమ్మ కొంచెం ఆలోచించింది. "నీ పాపకైతే కొండప్ప చెప్పిన జోడు పడవే చెయ్యప్పా, నెమ్మదిగా పోయినా సరే. మాకైతే ఇదే మంచిదైంది. ఇది తేలుంటే అన్న ఒక్కడే దాటుండు. మునిగింది గాబట్టి ఊరంతా దాటినాం."

మునినారాయణ తుండుగుడ్డతో ఇంకోసారి కండ్లు ఒత్తుకొని, గొంతు సవరించుకొని, నందీశ్ భుజం తట్టినాడు.

"పొద్దుటినుంచీ నేను చెప్తాండేది అదే గదప్పా!"